నల్లా వచ్చేదాకా

మా గల్లీ నీళ్ల సారు పోయారు. పంజాగుట్టలోని పెద్దాసుపత్రి నుంచి తెల్లవారుతూనే మా పక్కింటి టైలర్ భాయ్ ఫోన్ చేశాడు. "అమ్మా, సారు పోయిండు. ఇగ మన చివరిండ్ల గురించి కొట్లాడేటోళ్లు ఎవ్వరు?" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు తెలియని కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మంచి మాటలే వినాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు.

ముందే చెప్పాలి, ఆయనంటే నాకు మొదట్లో బొత్తిగా గిట్టేది కాదు. మేము విజయవాడ నుంచి వచ్చి అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో చివరి ఇల్లు కొనుక్కున్నాం. ఇరుగుపొరుగును పలకరించాలి కదా అని ఆయన్నీ, ఆయన భార్యనీ ఇంటికి పిలిచాను. మంచినీళ్లిస్తే ఆయన జేబులోంచి రుమాలు తీశారు. అందులో వేలెడంత గాజు గొట్టం, చిన్న మందు సీసా ఉన్నాయి. నేనిచ్చిన నీళ్లు గొట్టంలో పోసి, రెండు చుక్కలు వేసి, కిటికీ వెలుతురుకి పట్టి చూశారు.

"క్లోరిన్ ఉంటే పసుపు రావాలె. రాలే. ఈ నీళ్లు మీరు సుత తాగొద్దు," అని లేచి వెళ్లి గ్లాసు మా వాకిట్లో పారబోశారు.

"మర్యాద తెలియని మనుషులు," అన్నాను, వినపడేలాగే.

"మొహమాటానికి పోతే కామెర్లైతయమ్మా," అన్నారు, ఏమాత్రం నొచ్చుకోకుండా. ఆయన భార్య మాత్రం కాఫీ తాగింది. పాలు మరిగినయ్ కదా, ఫికర్ లేదు, అంది.

ఆయన నీటి పరీక్షల ల్యాబులో ఆఫీసరు. ఊరంతా తిరిగి నల్లా నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లి, తాగొచ్చో కూడదో తేల్చడం ఉద్యోగం. రిటైరయ్యాక కూడా ఆ బుద్ధి పోలేదు. పెళ్లికి పిలిస్తే పెళ్లికొడుకును చూడక ముందే నీళ్ల డ్రమ్ము దగ్గరికి వెళ్లేవారు. హాస్టల్ ఓనరు కూతురి పెళ్లిలో వియ్యాలవారి ముందే గొట్టం తీసి, "ఈ డ్రమ్ము ఖాళీ చెయ్యుండ్రి," అన్నారు. ఆ ఓనరు ఆయన్ని జన్మలో క్షమించలేదు. నేనైనా క్షమించేదాన్ని కాదేమో.

ఆ హాస్టల్ ఓనరు గురించి చెప్పాలి. అది సాఫ్ట్‌వేర్ పిచ్చి నెత్తికెక్కిన కాలం. ఊళ్లన్నీ ఖాళీ చేసుకుని పిల్లలు జావా నేర్చుకోవడానికి మా పేటలో దిగేవారు. చిన్న ఇళ్లు చూస్తుండగానే అయిదంతస్తుల హాస్టళ్లయ్యాయి. నేలలో పైపు మాత్రం పాతదే. నీళ్లు రోజు విడిచి రోజు, పొద్దున కాసేపు. ఆడపిల్లల హాస్టల్ పెట్టిన ఈ పెద్దమనిషి ఏం చేశాడంటే, నల్లాకి నేరుగా మోటారు బిగించాడు. పక్కింట్లో ధార సన్నబడింది. వాళ్లు అంతకంటే పెద్ద మోటారు తెచ్చారు. వాళ్ల పక్కవాళ్లు ఇంకా పెద్దది. చదువుకున్నవాళ్లే అందరూ. గల్లీ మొత్తం ఒకరి నోటి దగ్గరిది ఒకరు లాక్కోవడానికి కరెంటు బిల్లు కట్టుకుంది. చివరిళ్లు రెండు, మాదీ టైలర్ భాయ్‌దీ. మా నల్లాల్లో బుస్సుమని గాలి వచ్చేది. మేము మోటారు పెట్టకపోవడం గొప్పతనమేం కాదు, చివర్లో పెడితే బురద తప్ప రాదు.

గాలి వస్తే ఏదోలా బతికేవాళ్లం. మురుగు వచ్చింది.

"మోటారుకు ఇమానం, నీతి ఉండదమ్మా," అన్నారు సారు, మా వాకిట్లో నిలబడి. "గుంజుమంటే గుంజుతది. పైపుల నీళ్లు అయిపోతే, పగుళ్లల్లకెళ్లి పక్కన ఉన్న డ్రైనేజీ గుంజుతది. ఒక్క రోజు అందరు బంద్ పెట్టి చూడుండ్రి. నీళ్లు చివరింటి దాక వస్తయి. మంచిగనే వస్తయి."

ఆ ఒక్క రోజు కోసమే ఆయన తర్వాతి బతుకంతా తిరిగారు. నీళ్లొచ్చే పొద్దున ఒక్కొక్క గేటు దగ్గరా నిలబడి, "జర బంద్ చెయ్యుండ్రి," అనేవారు. కొందరు కుక్కను వదిలారు. కొందరు లోపలి నుంచే లేమని చెప్పించారు. టైలర్ భాయ్ కూతురికి కామెర్లొచ్చి, ఆ ఏడు ఇంటర్ పరీక్షలు రాయకుండా మంచం మీదే ఉండిపోయింది. ఆ పిల్ల కళ్లు పచ్చబడిన రోజు సారు మా గల్లీ నీళ్లు తానే సీసాలో పట్టి, తన పాత ఆఫీసుకే తీసుకెళ్లి ఇచ్చారు. తాగడానికి పనికిరావని రిపోర్టు వచ్చింది. సప్లై ఆపి, రోడ్డు తవ్వి, పైపుకు అతుకులు వేశారు. అన్నాళ్లూ ట్యాంకరే.

గల్లీ ఆయనకు దండం పెట్టి ఉంటుందనుకుంటున్నారా? ఆయన స్కూటర్ సీటు బ్లేడుతో కోశారు. గుమ్మంలో చెత్త పోశారు. "ఏంటండీ ఈ ముసలాయన గోల! సొంత గల్లీ మీదే కంప్లయింటిచ్చే మనిషిని ఎక్కడైనా చూశామా? ఈయన పోతేగానీ మనకు సుఖం లేదు," అన్నాడు హాస్టల్ ఓనరు. నా చెవులతో విన్నాను. నీళ్ల ఆఫీసు చెకింగ్ వాళ్లొచ్చిన రోజు మోటార్లు బియ్యం డ్రమ్ముల్లోకి వెళ్లిపోయాయి. వాళ్ల జీపు మలుపు తిరగ్గానే మళ్లీ బయటికొచ్చాయి.

ఆ సాయంత్రం సారు మా అరుగు మీద కూర్చుని స్కూటర్ సీటుకు టేపు అతికించుకున్నారు. టైలర్ భాయ్ కుట్టిస్తానంటే వద్దన్నారు. "నువ్వు కుడితే మంచిగుంటది. చూసినోళ్లు కోసిన సంగతి మర్చిపోతరు," అన్నారు. ఆయన పంతం నాకు ఆ రోజు మొదటిసారి నచ్చింది. ఆ తర్వాత ఆయన గొట్టం తీస్తే కోపం వచ్చేది కాదు. నా బిందె నేనే ముందుకు జరిపేదాన్ని.

ఆయన పోయింది నీళ్లొచ్చే రోజే.

పొద్దున్నే శవాన్ని ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. గల్లీ అంతా వచ్చింది. అందరికంటే పెద్ద దండ హాస్టల్ ఓనరుది. "మహానుభావుడండీ. మన గల్లీకి పెద్ద దిక్కు," అన్నాడు. నా నోరు దురద పెట్టింది, శవం ముందని ఊరుకున్నాను. కాసేపటికి నీళ్ల వేళయింది. దండలు వేసినవాళ్లు ఒక్కొక్కరే "ఇప్పుడే వస్తా" అంటూ జారుకున్నారు. వెంటనే గల్లీ పొడుగునా గుర్రుమని మొదలైంది. జీవితమంతా ఆయన ఏ చప్పుడు ఆపమన్నారో, ఆ చప్పుడులోనే ఆయన పడుకుని ఉన్నారు. వీళ్లను ఏమని తిట్టినా పాపం రాదు.

పంతులుగారు స్నానానికి నీళ్లు పట్టమన్నారు. సారింట్లో మోటారు లేదు. నల్లా తిప్పితే గాలి బుసకొట్టింది. అప్పటికి తిరిగొచ్చిన హాస్టల్ ఓనరు ఉదారంగా, "మా సంపులోంచి తెప్పిస్తానుండండి," అని రెండు బిందెలు తెప్పించాడు.

సారు భార్య అంతవరకూ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లేచి, కొక్కేనికి ఉన్న చొక్కా జేబులోంచి రుమాలు తీసింది. బిందెలో నీళ్లు గొట్టంలోకి తీసుకుని, చుక్కలు వేసి, వెలుతురుకి పట్టింది. పసుపు రాలేదు.

"ఈ నీళ్లు మా సారు మీద పొయ్యనియ్య," అంది.

"పోయిన మనిషికి ఏ నీళ్లయితే ఏంటమ్మా?" అన్నాడు ఓనరు.

"ఆయనకు తెల్వదు. నాకు తెలుసు. మోటార్లు బంద్ చెయ్యుండ్రి. నల్లా వచ్చేదాక ఆగుత."

"రాహుకాలం వచ్చేస్తుందమ్మా," అన్నారు పంతులుగారు.

"రానియ్యుండ్రి. మా సారు ఇన్నేండ్లు మీ గేట్ల కాడ నిలబడ్డడు. ఇయ్యాల మీరు జర సేపు మా వాకిట్ల నిలబడుండ్రి."

ఆమె అంత మాట అనడం ఎవరూ ఎరగరు. శవాన్ని అలా ఎంతసేపు ఉంచుతారు? ముందు పక్కింటాయన వెళ్లి తన మోటారు ఆపాడు. తర్వాత ఎదురింటివాళ్లు. తల వంచుకుని ఒకరి వెనక ఒకరు వెళ్లారు. చివరికి హాస్టల్‌ది ఒక్కటే మోగుతుంటే అందరూ ఓనరు వైపు చూశారు. సిగ్గుపడ్డాడో, భయపడ్డాడో, వెళ్లి ఆపాడు. నీళ్ల వేళ గల్లీ అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెన్నడూ చూడలేదు.

నల్లా దగ్గింది. తుప్పు రంగు నీళ్లు కక్కింది. తర్వాత తెల్లటి ధార పడింది. ఆమె గొట్టం పట్టి చూసి, నా చేతికిచ్చింది. నిమ్మకాయ రంగు. అంతలో గల్లీ చివరి నుంచి టైలర్ భాయ్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా! మన నల్లాల సుత వస్తున్నయ్! మస్తు వస్తున్నయ్!" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. ఆ మాట వినాల్సిన మనిషి అక్కడే పడుకుని ఉన్నారని ఏడ్చాను.

మర్నాడు గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. సారు ఫోటో అరచేయంత, హాస్టల్ ఓనరు ఫోటో తలుపంత. ఆ మర్నాడు నీళ్ల రోజు. తెల్లవారేసరికి గుర్రుమని మళ్లీ అదే చప్పుడు.

సారు భార్య రుమాలు నాకే ఇచ్చింది. నేనూ టైలర్ భాయ్ వెళ్లి హాస్టల్ గేటు కొట్టాం.

"ఏంటండీ పొద్దున్నే?" అన్నాడు ఓనరు, నా చేతిలోది చూసి మొహం మాడ్చుకుని.

వరండాలో పిల్లలు తాగడానికి పెట్టిన డ్రమ్ములోంచి నీళ్లు పట్టి, రెండు చుక్కలు వేసి, వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. మెట్ల మీద నుంచి ఆడపిల్లలు ఖాళీ సీసాలతో దిగి వస్తున్నారు. ముందున్న పిల్ల ఆగి, "ఏంటాంటీ అది?" అంది.

"పసుపు రావాలమ్మా," అన్నాను.

వెనకున్న పిల్లలు కూడా ఆగారు. ఖాళీ సీసాలు చేత్తో పట్టుకుని, ఏ రంగూ రాని ఆ గొట్టం వైపు చూస్తూ అందరూ అలాగే నిలబడ్డారు.