మామ నెత్తి మీద టమాటల గంప

ఇప్పటోళ్లకు టమాట అంటె లెక్కనే లేదు. సంచి నింపుకొస్తరు, జర మెత్తబడితె పారేస్తరు. నాకైతె ఒక్క టమాట చెడిపోయినా పానం కలుక్కుమంటది. మెదక్ల, ఖిల్లా గుట్ట కింద, ఒట్టి మొరం జాగల టమాటలు పండించినదాన్ని నేను. గొప్పలు చెప్పుకుంటున్న అనుకుంటరేమో. అవును, చెప్పుకుంటున్న. ఎందుకు చెప్పుకోవద్దు?

అప్పటికి నా పెండ్లై ఏడాది కాలే. మా అమ్మగారిది రేగోడ్ దిక్కు పల్లె, నల్లరేగడి భూమి. ఆడ ఏ గింజ జారిపడితె ఆ గింజ మొలుస్తది. అత్తగారిల్లు మెదక్ టౌన్ల. ఇంట్ల మా అత్తమ్మ, మా మామ, మా ఆయన, నేను, నలుగురమే. మామ బడిల సారుగ చేసి పింఛన్ల కూసున్నడు. తెల్ల ధోతి, నల్ల కోటు, చేతిల గొడుగు. కూరగాయల సంచి కూడ చేతబట్టి బజార్ల నడిచెటోడు కాదు. అంత దర్జా. కూరల ఉప్పు తక్కువైతె చెప్తడు, సరిపోతె చెప్పడు. ఒక్కనాడన్న "మంచిగ చేసినవ్ బిడ్డా" అంటడేమోనని చూసి చూసి నా కండ్లు కాయలు కాసినయి.

వానకాలంల ఒకనాడు ఇంటెనుక జాగల గడ్డపార పట్టుకొని తవ్వుతున్న. మామ వచ్చి నిలవడ్డడు.

"ఏం పెడ్తవ్ అందుల?"

"టమాట పెడ్త మామా."

"టమాటనా!" అని నవ్విండు. "ఇరవై ఏండ్ల సంది ఉంటున్న ఈ ఇంట్ల. బెండ రాలే, బీర రాలే. ఈ మొరంల మొలిచేటియి రాళ్లే. గిందుల టమాట పండితె, కోతల పండుగనాడు ఆ గంప నా నెత్తిన పెట్టుకొని గుడిదాక నేనే మోస్త, పో!"

అత్తమ్మ విన్నది, మా ఆయన విన్నడు. నాకు రోషం నెత్తికెక్కింది. ఈయన నెత్తిన గంప పెట్టకపోతె నేను మా నాయిన బిడ్డనే కాదనుకున్న.

కోతల పండుగ సంగతి చెప్పాలె. మేం క్రైస్తవులం. మెదక్ అనంగనె అందరికీ పెద్ద చర్చి యాదికొస్తది గాని, మా వాడోళ్లం కూడి ప్రార్థన చేసుకునేది చిన్న పెంకుల గుడిల. వరికోతలైనంక ఒక ఆదివారం ఎవరి ఇంట్ల ఏది పండితె దాని మొదటి కాపు తెచ్చి బల్ల మీద పెట్టాలె. సొరకాయ తెస్తరు, చిక్కుళ్లు తెస్తరు, వడ్లు తెస్తరు. కాని ఒక రూలు. దేవునికి పెట్టకముందు ఇంట్ల ఎవరూ నోట్ల పెట్టుకోవద్దు. ఒక్కరు కొరికినా కాపంత ఎంగిలైనట్టే, ఆ చెట్టుయి ఆ ఏడు బల్ల మీదికి రావద్దు.

ఆ రూలుకు కాపలా ఎవరనుకున్నరు? మా మామనే. సంఘపెద్ద గద. బల్ల పక్కన నిలబడి ఒక్కొక్క ఇంటోళ్లను అడిగేటోడు, "ముట్టకుండ తెచ్చిన్రా?" అని. "ముట్టకుండ తెచ్చినం" అంటెనే బల్ల మీద పెట్టనిచ్చేటోడు. మా ఆయన చిన్నగున్నప్పుడు, ఈ ఇంటికి రాకముందు, పందిరి మీది చిక్కుడుకాయ ఒకటి కొరికిండట. ఆ ఏడు ఇంటిల్లిపాదిని ఒట్టి చేతులతోని గుడికి తీస్కపోయిండట మామ. ఎన్నేండ్లైనా ఆ ముచ్చట చెప్పేటప్పుడు అత్తమ్మ మొఖం చిన్నగయ్యేది.

ఇగ నా పని చూడుండ్రి. మోకాలి లోతు మొరం తవ్వి పారబోసిన. చేతులు బొబ్బలెక్కినయి. అమ్మగారింటికి పోయి వచ్చేటప్పుడు గోనెసంచి నిండ నల్లమట్టి బస్సుల ఏసుకొచ్చిన. కండక్టర్ సంచి లేపలేక, "ఏందమ్మా ఇది, జొన్నలా?" అన్నడు. మట్టి అన్న. "మెదక్ల మట్టి లేదా?" అని బస్సంత నవ్వు. నవ్వితె నవ్విన్రు, మట్టైతె ఇల్లు చేరింది. గట్ల మూడు సార్లు తెచ్చిన. దాంట్ల పశువుల పెంట కలిపి, పొయ్యిల బూడిద కలిపి, నారు నాటిన. బాయి నీళ్లు చేదిపోసుడు, పొద్దుమాపు చెట్ల కాడనే కూసునుడు. చెట్లు వంగుతుంటె కట్టెలు పాతి పాత చీరపేలికలతోని కట్టిన. పక్కింటామె గోడమీదికెళ్లి చూసి, "చెట్లకు చీరలు కట్టబెడ్తున్నవా పిల్లా?" అని ఆటపట్టించింది. కాసినంక మాట్లాడుదాం అనుకున్న.

పూత వచ్చింది, పిందె వడ్డది. మామ రోజు పొద్దుగాల మొఖం కడుక్కునేతందుకు ముందటి అరుగు ఇడిసిపెట్టి ఇంటెనుకకు వచ్చుడు మొదలువెట్టిండు. నీళ్లు పుక్కిలించుకుంట చెట్ల దిక్కు ఓరకంట చూసుడు. నేను చూస్తె మొఖం తిప్పుకునుడు. నాకు లోపల నవ్వు ఆగేది కాదు.

పండుగ వారం వచ్చేసరికి ఏడు కాయలు మాగినయి. నాటు టమాటలు, పక్కలు పక్కలుగ ఉంటయి గద, గవి. నెత్తురెరుపు. దగ్గరికి పోతె వాసన. ఒక్కటి కొరుక్కుందామని నాకెంత ఉండెనో చెప్పలేను. నోట్ల నీళ్లూరుతుంటె కొంగు అడ్డం పెట్టుకొని ఇంట్లకు ఉరికిన. నాలుగు నెలలు సాదిన నేనే ముట్టలే.

శనివారం పొద్దుగాల పోయి చూస్తె ఆరే ఉన్నయి.

మళ్లొకసారి లెక్కవెట్టిన. ఆరే. తొడిమె చెట్టుకే ఉన్నది, పండు లేదు. ఇగ ఇల్లు పీకి పందిరేసిన. మా ఆయన మీదికి పోయిన, "చిన్నప్పుడు చిక్కుడుకాయ తిన్నోడివి, నువ్వే తిన్నవ్!" అని. పాపం ఆయన బైబిల్ మీద చెయ్యేసి ఒట్టువెట్టిండు. ఏడుపొచ్చింది నాకు. ఎవరన్న తింటె గంప లేదు. గంప లేకపోతె మామ మోసుడు లేదు. నా నాలుగు నెలల కష్టం ఒక్క నోటికి పోయినట్టు.

"ఉడుత తిన్నదేమో బిడ్డా," అన్నది అత్తమ్మ. "ఉడుత తింటె ఎంగిలి కాదు. మనిషి తింటెనే."

"ఉడుత గింత నీటుగ తింటదా అత్తమ్మా? ఒక్క తొక్క కూడ రాలలే!"

మామ అరుగు మీద చాయ తాగుతున్నడు. పరేషాన్ల ఉండి ఆ పొద్దు నేను చాయల చక్కెర ఏసుడే మరిచిపోయిన. మామ ఒక్క మాటనకుండ గిలాస కింద పెట్టిండు. నేనప్పుడు గమనించలే.

ఉడుతనే అని ఖాయం చేసుకున్నం. ఆదివారం ఆరు పండ్లు కోసి, చిన్న గంపల కొత్త బట్ట పరిచి పెట్టిన. మామ కోటు ఏసుకొని వచ్చిండు. గొడుగు మూలకు పెట్టిండు. తువ్వాల చుట్టి నెత్తి మీద పెట్టుకొని నా ముందట వంగిండు.

"పెట్టు బిడ్డా," అన్నడు.

పెట్టిన. మామ ముందట నడుస్తున్నడు, ఎనుక మేం ముగ్గురం. వాడంత అరుగుల మీదికి వచ్చింది. "సారు గంప మోస్తుండు! సారు!" అని ఒకరికొకరు చెప్పుకునుడు. పక్కింటామె గోడ మీద నుంచి మెడ సాపి చూసింది. నేను ఆమె దిక్కు చూసుకుంటనే నడిచిన. నా అంత గర్వంగ ఆ దినం మెదక్ల ఇంకెవరూ నడిచి ఉండరు.

గుడిల బల్ల కాడ చిక్కొచ్చింది. ఏటేట అడిగెటోడే గంపతోని నిలబడ్డడు, మరి అడిగెటోడెవరు? పాస్టరు అయ్యగారు నవ్వుకుంట తనే అడిగిండు, "ముట్టకుండ తెచ్చిన్రా సార్?" అని.

మామ గంప దించి చేతుల పట్టుకున్నడు. పండ్ల దిక్కే చూస్తున్నడు. నేను ఎనుక నుంచి, "చెప్పుండ్రి మామా, ముట్టకుండ తెచ్చినం అనుండ్రి" అని మెల్లగ అన్న.

మామ సంఘం దిక్కు తిరిగిండు.

"ముట్టినం," అన్నడు. "నేనే ముట్టిన. నిన్న పొద్దుగాల మొఖం కడుక్కోబోయిన. ఎర్రగ కనబడ్డది. వాసన చూద్దామనుకున్న. చూసినంక చెయ్యి నా మాట ఇనలే. ఉప్పు కూడ లేకుండ తిన్న. ఇన్నేండ్ల సంది మిమ్ములందరినీ నిలదీసి అడిగిన. నా కోడలు పండించిన టమాట నన్ను తప్పు చేయించింది. గంత రుచి నేను పుట్టి ఎరుగ."

ఎవరో ముసలామె ఫక్కున నవ్వింది, ఇగ అందరు నవ్విన్రు. అయ్యగారు, "పర్వాలేదు సార్, పెట్టుండ్రి" అన్నడు. మామ తల అడ్డంగ ఊపిండు. "నా కొడుకు చిక్కుడుకాయకు ఒక రూలు, నాకొక రూలా? ఎంగిలి ఎంగిలే," అని మళ్ల తువ్వాల చుట్టుకున్నడు. గంప నెత్తికెత్తుకొని, ఆరాధన అయ్యేదాక గుడి వాకిట్ల నిలబడి, అందరి ముందటికెళ్లి ఇంటిదాక తిరిగి మోసుకొచ్చిండు. పందెం ఒక్కసారికే. ఆయన రెండుసార్లు మోసిండు. మా ఆయన నోరు తెరుసుకొని చూసిండు. అత్తమ్మ కండ్లు తుడుసుకున్నది.

నాకు కోపం రావాలె. రాలే. గుడి నిండ మంది ముందట గా మాటన్నంక కోపమెక్కడిది? కడుపు నిండిపోయింది.

ఇంటికొచ్చి పండ్లు కోసిన. రసం చేతులెంబడి కారుతున్నది. ఉప్పు, జర కారం చల్లి అందరికి పెట్టిన. పులుపు, దాని ఎనుక తీపి, ఎండకు కాగిన తొక్క. నా పండ్లు, నా మన్ను! పక్కింటామెను కూడ పిలిచి ఒక ముక్క చేతుల పెట్టిన, నన్ను ఆటపట్టించినా సరే. మామ మాత్రం ముట్టలే. "నా వంతు నిన్ననే తిన్న" అని గోడకు ఒరిగి మేం తింటుంటె చూసుకుంట కూసున్నడు.

నా వంతుల సగం కోసి ఆయన చేతుల పెట్టిన. "తినుండ్రి మామా."

మెల్లగ తిన్నడు. వేలు కూడ నాకిండు. అప్పుడు గొంతు సవరించుకొని, "ఈ జాగల టమాటలు కావని నీకు ఎవడు చెప్పిండు బిడ్డా?" అన్నడు.

"మీరే కద మామా!"

"నేను కాదు. ఎవడో తెలివిలేనోడు చెప్పి ఉంటడు."

"అవును మామా," అన్న నేను. "గసొంటోడే చెప్పిండు."