నడినీళ్లలో రంగులరాట్నం

డ్యాం నిండి కృష్ణా నది వెనకనీళ్లు ఎగదన్నితే కర్నూలు జిల్లాలోని మా ఊరు లంక అయిపోతుంది. చిన్నప్పుడు మేము రంగులరాట్నం ఎరుగం. పుట్టి, అంటే గుండ్రటి బుట్టపడవ, నడిపే ఖాసిం మామ నడినీళ్లలో దాన్ని గిరగిరా తిప్పితే, బొరుగుల ఉండలు కొరుకుతూ కేకలు వేసేవాళ్లం. అదే మా తిరునాళ్ల.

మొన్న పీర్ల పండగకు మా పాపతో ఖాసిం మామ పుట్టిలోనే ఊరికి బయల్దేరాను. ఒళ్లో పీర్లకు పెట్టాల్సిన మలీద పళ్లెం ఉంది. సగం దూరం రాగానే, "ఒక్కసారి తిప్పు మామా" అన్నాను. ముసలాయన నవ్వుతూ తిప్పాడు. అంతలో తెడ్డు చేజారి కొట్టుకుపోయింది.

పుట్టి తిరుగుతూనే ఉంది. గాలి దాన్ని లోతుకు తోస్తోంది. పాప ఏడుస్తూ లేవబోయింది.

"లెయ్యొద్దు పాపా, పుట్టి బోర్లా పడ్తాది!" అని మామ అరిచాడు. "అమ్మా, ఆ పళ్లెం ఇట్లియ్యి!"

బెల్లం, రొట్టె కలిపి చేసిన ముద్దలన్నీ కొంగులోకి ఒంపుకుని పళ్లెం ఇచ్చాను. దాంతోనే నీళ్లు తోస్తూ ఆయన మమ్మల్ని గట్టు చేర్చాడు.

"చిన్నప్పుడు ఇంత భయం లేదే మామా" అన్నాను.

"మీకు ఆటమ్మా. నాకు అప్పుడు గూడా గుండె అదురుతానే ఉండె."

నా జ్ఞాపకాల్లో మా కేకలే ఉన్నాయి. ఆయన చేతుల వైపు ఎన్నడూ చూడనే లేదు.