మావ మంచం కింద సుబేదారు

ఆ రోజుల్లో నేను దేనికీ భయపడనని అందరితో చెప్పుకునేవాణ్ణి. అరకు దగ్గర ఒక టూరిస్టు కాటేజీలో రిసెప్షన్ ఉద్యోగం, మెడలో టై, కాళ్లకు బూట్లు, నోట్లో నాలుగు హిందీ ముక్కలు. ఇన్ని ఉన్న కుర్రాడు తనకు ధైర్యం కూడా ఉందనుకోవడం సహజమే. కాని హుకుంపేట అవతల కొండ మీద మా మావ ఇంటికి వెళ్లాల్సి వస్తే మాత్రం కంచె బయటే నిలబడి, "మావా, నానొచ్చినాను, ఆణ్ణి పట్టుకో" అని కేకేసేవాణ్ణి. ఆ 'ఆడు' మావ పెంచుతున్న కుక్క.

మా మావ, అంటే అమ్మ తమ్ముడు, మిలటరీలో హవల్దారుగా రిటైరై వస్తూ హిమాలయాల్లో గొర్రెల కాపరుల్ని అడిగి ఒక కూనను తెచ్చాడు. అంతకు ముందు అడవికుక్కలు గుంపుగా వచ్చి మేకల్ని చీల్చేసి పోయేవి. ఈ జాతి కుక్క ఉంటే ఆ బాధ ఉండదన్నాడు. నిజంగానే తర్వాత అవి మా మంద జోలికి రాలేదు. కూన కాస్తా దూడంత అయింది. నల్లటి ఒళ్లు, మెడ చుట్టూ జూలు, గుమ్మానికి అడ్డం పడుకుంటే దాటడానికి వీల్లేనంత దేహం. దానికి సుబేదారు అని పేరు పెట్టాడు మావ. (తాను అందుకోలేకపోయిన ర్యాంకు అది. పెన్షన్ పుచ్చుకున్నాకైనా ఒక సుబేదారుకి ఆర్డర్లివ్వాలని ఆయన సరదా. సుబేదారు మాత్రం ఒక్క ఆర్డరూ వినేది కాదు.) పిలిస్తే రాదు, బంతి విసిరితే చూడదు. మేకలతో తిరిగి, మేకలతో పడుకునేది. మేకపిల్లలు వీపెక్కి గెంతినా కదిలేది కాదు. మా అత్తకి అదంటే గిట్టేది కాదు. చోడి అంబలి పోసేటప్పుడు కూడా "దున్నపోతు" అనేదే తప్ప పేరు పెట్టి పిలవగా నేను వినలేదు.

అలా ఉండగా మావకి దగ్గు పట్టుకుంది. విశాఖ పెద్దాసుపత్రిలో కొన్నాళ్లుంచి, ఊపిరితిత్తుల్లో ఇంక ఏమీ మిగల్లేదనీ ఇంటికి తీసుకుపొమ్మనీ చెప్పారు. నేను కాటేజీలో సెలవు పెట్టి వెళ్లాను. "సుబేదారుకి నువ్వు అలవాటవ్వాల్రా అల్లుడా. నాను లేకపోతే దాన్నెవులు సూత్తారు?" అన్నాడు మావ. వాసన పట్టి నన్ను మావే అనుకుంటుందని ఆయన మిలటరీ స్వెట్టరు తొడిగి, అంబలి గిన్నె చేతికిచ్చి పంపాడు. సుబేదారు నన్ను పైనుంచి కిందికి చూసింది. గిన్నెని వదిలేసి స్వెట్టరు చెయ్యి పళ్లతో పట్టుకుని, కరవకుండా, తొందర లేకుండా లాగడం మొదలుపెట్టింది. దొంగ సొత్తు స్వాధీనం చేసుకుంటున్నట్టుంది దాని వాలకం. నేను స్వెట్టరులోంచి కిందికి జారి మేకలశాల గోడెక్కాను. మంచం మీద మావ నవ్వబోయి దగ్గులో పడిపోయాడు. ఆ దగ్గు ఆగేసరికి దుప్పటి మీద రక్తం. అత్త దుప్పటి మార్చింది.

ఆ వారంలోనే పోయాడు. ఎండ కావాలని ఆయనంటే మంచం వాకిట్లో మేకలశాల పక్కన వేశాం. మధ్యాహ్నం మందు వెయ్యడానికి వెళ్లిన అత్త అక్కడే కూలబడిపోయింది. సుబేదారు మంచం కిందే ఉంది. ఊళ్లోవాళ్లు వచ్చి ఏడుపులు మొదలయ్యేసరికి లేచి మంచానికి ముందు నిలబడింది. అత్తని తప్ప ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. గొయ్యి తవ్వేశారు, పెట్టె తెచ్చారు, మబ్బు కమ్ముతోంది, శవం మాత్రం వాకిట్లోనే ఉంది. పాస్టరు గారు కంచె అవతల్నుంచే ప్రార్థన చేశారు. 'ఆమెన్' కాస్త గట్టిగా అనేసరికి సుబేదారు గుర్రుమంది. ఆయన తర్వాత ఆమెన్లన్నీ లోపలే అనుకున్నారు. ఎవరో కర్ర వెతుకుతుంటే అత్త లేచింది.

"ఎవులైనా కర్రెత్తినారంటే నాను ఊరుకోను. ఆడి పని ఆడు సేత్తన్నాడు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మేకల్ని ఇప్పరా. కొండకి తోలు" అంది.

ఆ రోజు మేతకి తోలక పొద్దున్నుంచి ఆకలితో ఉన్న మేకలు వాకిట్లో పడి, పరిచిన చాపలు తొక్కి, దండల్లో బంతిపూలు సగం నమిలి కొండదారి పట్టాయి. సుబేదారు వాటిని చూసింది, మంచాన్ని చూసింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. అత్త మావ గుండె మీద చెయ్యి వేసి, "నానున్నాను కదా. ఎల్లు సుబేదారూ, మేకలు పోతన్నాయి" అంది. అది వెళ్లింది.

మేకలు తిరిగొస్తే సుబేదారూ వచ్చేస్తుంది కాబట్టి వాటిని పైన ఆపడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేనే. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో కాఫీ తోటల పైకి ఎక్కాను. కిందనుంచి పాట వినిపించింది. వాన మొదలైంది. నల్ల గొడుగులు వరసగా సమాధుల దొడ్డివైపు కదిలాయి. అందరూ మట్టి వేసే సమయం అయి ఉంటుందనిపించి నేనూ గుప్పెడు మట్టి తీశాను. ఎక్కడ వెయ్యాలో తెలియలేదు. సుబేదారు వచ్చి నా గుప్పిట వాసన చూసి, తినేది కాదని తెలుసుకుని పక్కన కూర్చుంది. మట్టి వానకి కరిగి వేళ్ల సందుల్లోంచి కారిపోయింది. నేను దాని తడి జూలులో మొహం పెట్టి ఏడ్చాను. అది కదల్లేదు. (నన్ను కూడా మేకల్లో కలుపుకుందేమో.)

తర్వాత నేను కాటేజీకి తిరిగి వెళ్లలేదు. అత్త కాఫీ పని చూసుకుంటే, నేను మందనీ సుబేదారునీ చూసుకున్నాను. వానాకాలం దాని జూలులో గోమార్లు ఏరడం, ఎండాకాలం గెడ్డ నీళ్లలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టడం, అది పస్తుంటే అత్తా నేనూ చెరోవైపు కూర్చుని బతిమాలడం. 'దున్నపోతు' అనే మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు. కొన్నేళ్లకి వెనక కాళ్లు పడిపోయాయి. మేకలు కొండకి పోతుంటే లేవబోయి లేవలేక మూలిగేది. ఆ ఎండాకాలం గడవకుండానే పోయింది. శాల వెనక ఇద్దరం గొయ్యి తవ్వి పూడ్చాం. దాన్ని చూస్తూ నిలబడి అత్త, "ఏదైనా ప్రార్థన సెయ్యరా" అంది. కుక్కకి పాస్టరు గారిని పిలవలేం కదా. నాకు మొదట్నుంచి చివరిదాకా తప్పులేకుండా వచ్చిన ప్రార్థన ఒకటే. కళ్లు మూసుకుని, "ప్రభువా, మీరు మాకు దయచేసిన ఈ ఆహారము కొరకై స్తోత్రము" అని మొదలుపెట్టాను. సగంలో ఏమంటున్నానో తెలిసింది. ఆపితే అత్త ఏమనుకుంటుందోనని కంఠస్థం చేసినదంతా పూర్తిగా చెప్పేశాను.

అత్త కొంగుతో మొహం తుడుచుకుని "ఆమెన్" అంది. చేతుల మట్టి దులుపుకుంటూ, "పోన్లేరా. ఆడికి తిండంటే ఇష్టమే కదా" అంది.

ఇప్పుడు నా పిల్లలు భోజనం ముందు అదే ప్రార్థన చెబుతుంటే, చేతుల నిండా మట్టితో నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ప్రార్థనలో నవ్వకూడదని మా ఆవిడ కోప్పడుతుంది. నేను తల ఇంకాస్త వంచుకుంటాను.