మేనత్త చెప్పాల్సిన పేరు

కోరుట్లలో తమ్ముడి ఇంటి ముందు ఆటో దిగిన పుష్ప, చేతిలోని సంచి కింద పెట్టడం కూడా మరిచి నిలబడిపోయింది. గేటుకు కొత్త ఫ్లెక్సీ కట్టారు. నీలం రంగు మీద తెల్లటి మబ్బులు, మబ్బుల నడుమ కళ్లు మూసుకున్న పసివాడు, కింద పెద్ద అక్షరాలతో పేరు. విహాన్.

అది ఆమె కొడుకు పేరు. పోయి పదిహేనేళ్లు దాటిన కొడుకు పేరు.

ఆ రోజు తొట్టెల. పిల్లవాణ్ని తొట్టెలలో వేసి, చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్త. తమ్ముడు సంజీవ్‌కు అక్క ఒక్కతే. అందుకే సిరిసిల్లలో పొద్దున్నే బస్సెక్కి, జగిత్యాలలో దిగి, మేనల్లుడికి వెండి మొలతాడు కొనుక్కుని వచ్చింది. పేరేమిటని ఫోన్‌లో అడిగితే, "వస్తవు గద, సూస్తవు" అన్నాడు తప్ప తమ్ముడు చెప్పలేదు.

సిరిసిల్లలో పుష్ప పని కండెలు చుట్టడం. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నడవాలంటే అటూ ఇటూ పరిగెత్తే నాడెలో దారం చుట్టిన కండె ఉండాలి. చుట్టు వదులైతే బట్ట చెడుతుంది, మరీ బిగిస్తే పోగు తెగుతుంది. ఆమె చుట్టిన కండె పెడితే సాంచా మధ్యలో ఆగదని వాటిని నడిపించే అక్కడి ఆసాములందరికీ తెలుసు. ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెళ్లైన కొత్తలో భర్త నారాయణతో కలిసి సాంచాల పనికి మహారాష్ట్రలోని భీవండి పోయినప్పుడు, పక్కవాళ్ల చేతులు చూసి నేర్చుకుంది. మాట తక్కువ మనిషి. చెప్పాల్సింది చేతులతోనే చెప్పేది.

కొడుకు పుట్టింది ఆ భీవండిలోనే. వానాకాలం, వీధి నిండా నీళ్లు, నొప్పులు మొదలయ్యాక ఆసుపత్రికి పోయే దారి లేదు. పక్క గదిలో బీహారు నుంచి వచ్చిన పెద్దావిడ ఉండేది, అందరూ చాచీ అనేవాళ్లు. ఆమె వచ్చి పుష్ప నడుము పట్టుకుని కూర్చుంది. "బిహాన్ హోఈ బిటియా, బిహాన్ హోఈ" అని ఒకటే మాట. వాళ్ల వైపు బిహాన్ అంటే తెల్లవారడం. తెల్లవారుతుంది బిడ్డా, ఓర్చుకో అని ఆమె ధైర్యం చెప్పడం. కిటికీలో వెలుతురు పడ్డాక పిల్లవాడు పుట్టాడు. పేరేం పెడదామని నారాయణ అడిగితే పుష్ప ఆ మాటే చెప్పింది. పుస్తకాల్లో దాన్ని విహాన్ అని రాస్తారని, షెడ్డులో పేపరు చదివే పెద్దమనిషి ఒకాయన సరిచేశాడు.

పిల్లవాణ్ని తీసుకుని సిరిసిల్లకు తిరిగొచ్చినప్పుడు ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. "ఏం పేరే గది? దేవుని పేరా, దగ్గు మందు పేరా?" అని నవ్వాడు బుచ్చన్న ఆసామి. అంగన్వాడీలో మరొకరికి లేదు, బడిలో మరొకరికి లేదు. ఊరు మొత్తానికి వాడొక్కడే విహాన్. పుష్పకు అదొక గర్వం.

బడికి పోయిన మొదటి ఏడే డెంగీ వచ్చింది. వారం తిరగకుండా వాడు పోయాడు.

చిన్నతనాన పోయినవాళ్ల పేరు వాళ్ల ఇళ్లలో ఎత్తరు. ఎత్తితే మళ్లీ వాకిట్లోకి వస్తారని పెద్దల భయం. గోడ మీది ఫోటో తీసేశారు. పలక ఎవరికో ఇచ్చేశారు. ఎప్పుడైనా మాట వస్తే "పోయినోడు" అనేవాళ్లు. పుష్ప కూడా అలాగే అనడం నేర్చుకుంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు, ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఆ పేరు ఊరంతా పాకింది. ఫోన్లలో చూసి పెట్టుకునేవాళ్లు, టీవీలో విని పెట్టుకునేవాళ్లు. స్కూలు వ్యాన్ డ్రైవరు ఆ పేరుతో కేకేసేవాడు. వేములవాడ గుడి దగ్గర ఒక తల్లి "విహాన్" అని పిలిస్తే ఇద్దరు ముగ్గురు పిల్లలు తల తిప్పారు. పుష్ప కూడా తిప్పింది. ఎక్కడ వినపడ్డా అంతే, ఎన్నేళ్లైనా అలవాటు కాలేదు. కానీ తన నోటితో మాత్రం ఒక్కసారీ అనలేదు.

"లోపలికి రా అక్కా. ఎండల నిలవడ్డవేంది?" సంజీవ్ వచ్చి సంచి అందుకున్నాడు. కాలిన మోటార్లకు తీగ చుట్టే పని అతనిది, చేతుల నిండా వార్నిష్ మరకలు. ఆమె ముఖం మాత్రం చూడలేదు.

"పేరు ఎవలు ఏరిండ్రురా?"

"సుమలత. ఫోన్ల ఎన్ని పేర్లు సూసిందో. ఆఖరికి గిదే నచ్చిందన్నది."

"నువ్వేమన్నవ్?"

"వద్దందామనే అనుకున్న. ఎందుకు వద్దంటే ఏం చెప్పాలె? చెప్పాల్నంటే వాని పేరు ఎత్తాలె. నోరు రాలేదక్కా. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంటనే ఫ్లెక్సీ అచ్చింది."

ఆడబిడ్డకు ఒక కొడుకు పుట్టి పోయాడని సంజీవ్ భార్య సుమలతకు తెలుసు. వాడి పేరేమిటో ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

ఇంతలో తల్లి అంజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటకు వచ్చింది. ఆమెకు చదువు రాదు. చుట్టాలు ఫ్లెక్సీ పైకి చదువుతుంటే అప్పుడే విన్నదట.

"గా పేరు వద్దు బిడ్డా. నడుమల పోయినోని పేరు ఇంకో పసిగుడ్డుకు పెడ్తరా ఎవలన్న? కొండగట్టు అంజన్న పేరు పెట్టు. ఆంజనేయులు అను. నోరార పిలుసుకుంట."

వాకిట్లో పిల్లవాణ్ని ఎత్తుకుని నిలబడిన సుమలతకు అప్పుడు అర్థమైంది. ముఖం పాలిపోయింది.

"వదినె, ఒట్టు, నాకు తెల్వదు. నాకెవ్వలు చెప్పలే. ఇప్పుడే తీపిస్త. నువ్వు ఏ పేరంటే గదే."

సంజీవ్ అప్పటికే కత్తెర తెచ్చి స్టూలు ఎక్కాడు. ఒక తాడు కోశాడు. ఫ్లెక్సీ ఒక మూల కిందికి వాలింది. ఆంజనేయులు అని చెప్పడం తేలిక. అనేసి, అన్నం తిని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోవచ్చు. పుష్ప సరేనని తల ఊపబోయింది. ఫ్లెక్సీ వాలడం చూసేసరికి, గోడ మీద ఫోటో తీసేసిన చోట మిగిలిన తెల్లటి గుర్తు కళ్లముందు ఆడింది.

"ఆగురా. దిగు."

సంజీవ్ కత్తెర పట్టుకుని స్టూలు దిగాడు.

"అవ్వా, వాని పేరు చెడ్డదా? దోమ కుడితే అచ్చింది గద జ్వరం. పేరుకు అచ్చిందా?"

"గట్లనకు బిడ్డా. నాకు బుగులైతది."

"నాకు బుగులు లేదా? ఈనికి ముక్కు కారినా ముందు నా పానమే పోతది. గని ఊరంత పెట్టుకున్నరు గా పేరు. వాళ్ల పిల్లలు సల్లగ లేరా? మన ఇంట్లనే పనికి రాకపాయెనా? ఇయ్యాల గది తీసేస్తే వాన్ని మల్లొకసారి సాగనంపినట్టే నాకు."

ఆమె అన్ని మాటలు ఒక్కసారే అనడం అంజవ్వ ఎన్నడూ వినలేదు. "పిల్లగాడు నీ మరదలు పిల్లగాడు. దాన్నడుగు" అంది.

సుమలత కొడుకును గుండెకు హత్తుకుంది. "నాకు భయమైతుంది వదినె. అబద్ధమెందుకు చెప్పాలె. నువ్వు ముందుగాల వాని ముచ్చట చెప్పు. ఇన్నంక నా మాట చెప్త."

లోపలి గదిలో మంచం మీద ఇద్దరూ కూర్చున్నారు. పుష్ప చెప్పింది. వాన, చాచీ, కిటికీలో పడ్డ వెలుతురు. కండెలు జేబుల్లో దాచుకుని వాడు బడికి పోవడం. జ్వరం రోజులు కూడా ఏదీ వదలకుండా చెప్పింది. చెప్పడం ఎంతసేపు సాగిందంటే, పక్కింటి గౌరవ్వ తలుపు దగ్గరకొచ్చి, "పేరు పెడ్తున్నరా, పెండ్లి ముచ్చట మాట్లాడుతున్నరా? బగారన్నం సల్లారిపోతుంది" అని కేకేసింది.

సుమలత కళ్లు తుడుచుకుని లేచింది. పిల్లవాణ్ని పుష్ప చేతుల్లో పెట్టింది.

"పెట్టు వదినె. గంత సంబురంగ పెట్టుకున్న పేరు, భయానికి ఎందుకు ఇడిసిపెట్టాలె."

ఆడవాళ్లు పాట అందుకుని తొట్టెల చుట్టూ చేరారు. ఆనవాయితీ ప్రకారం ముందు రోటి పొత్రానికి బట్ట చుట్టి తొట్టెలలో వేసి ఊపారు. దాన్ని తీసి పిల్లవాణ్ని పడుకోబెట్టారు. పుష్ప వంగి, వాడి చెవికి చెయ్యి అడ్డం పెట్టింది. పెదవులు కదిలాయి కానీ శబ్దం రాలేదు. పాట ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. సుమలత వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

"విహాన్" అంది పుష్ప.

పిల్లవాడు కదల్లేదు, నిద్రలోనే ఉన్నాడు. మళ్లీ అంది. మూడోసారి అన్నప్పుడు వాకిట్లో ఉన్న మగవాళ్లకు కూడా వినపడింది. గోడ వైపు తిరిగి కూర్చున్న అంజవ్వ లేచి వచ్చి, పేరు పలకకుండానే, మనవడి మీద అక్షింతలు వేసి వెళ్లింది.

భోజనాల దగ్గర గౌరవ్వ పుష్ప పక్కన కూర్చుంది. "పేరు మంచిగున్నది గని, గిసొంటివి ఏడ దొరుకుతయే? ఫోన్లనేనా?"

"కాదు. నా కొడుకు పేరు గది."

గౌరవ్వ చెయ్యి అన్నంలోనే ఆగింది. "అయ్యో, నాకు తెల్వకపాయె. ఎట్ల ఉంటుండె బిడ్డా?"

"నల్లగ, బక్కగ ఉంటుండె. నవ్వితే కుడి చెంపకు సొట్ట పడేది."

"ఎడమ చెంపకు" అంది, పప్పు వడ్డిస్తున్న అంజవ్వ.