స్తమేనా కట్టిన అంటు

ఆగస్టు వచ్చిందంటే స్తమేనా కోడి కూతకు ముందే లేచేది. పాల బిందెలతో ఆడవాళ్ళు కంచె పక్కగా నడిచి వెళ్ళేలోగా చెట్ల కింద రాలిన కాయలన్నీ ఒడిలోకి ఏరుకుని, కొట్టం వెనక గోతిలో పూడ్చెయ్యాలి. పండకుండానే రాలిన ప్లమ్ కాయలవి. దూరం నుంచి నీలంగా నిగనిగలాడతాయి. దగ్గరికెళ్ళి వేలితో తడిమితే గుంటలు, చీలిస్తే గింజ చుట్టూ ఎర్రటి బంక. మొదటి ఏడు ఎండ దెబ్బ అనుకుంది. రెండో ఏడూ అలాగే అనుకుంది. చేత్తో పెంచిన చెట్టుకు రోగం వచ్చిందని ఒప్పుకోవడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది!

"దాచిపెడితే చెట్టుకు నయమైపోతుందా?" అన్నాడు మొగుడు వితోమిర్, గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటూ.

"నయం కాకపోయినా నలుగురి నోళ్ళలో పడదు."

"నిన్న మన పంది ఆ గోతిని తవ్వి, ఓ కాయ నోట కరుచుకుని చర్చి దాకా వెళ్ళింది. ఇంక పడేదేముంది?"

నవ్వొచ్చే మాటే గానీ స్తమేనాకు నవ్వు వచ్చి చాలా కాలమైంది.

బుకోవ్లే ఊళ్ళో ప్లమ్ చెట్టు లేని పెరడు ఉండదు. స్తమేనా పెరట్లో పద్నాలుగు చెట్లు. ఐదు ర్యాంకా చెట్లు వితోమిర్‌వి, ముందుగా పండి సారా కాచడానికి పనికొస్తాయి. మిగతా తొమ్మిదీ ఆమెవి, పోజెగాచా రకం. కాయ చిన్నది, పండేది ఆలస్యంగా, కానీ నొక్కితే గింజ కడిగినట్టు శుభ్రంగా ఊడి వస్తుంది. తొక్క తీసి, సున్నపు తేటలో నానబెట్టి, గింజ ఉన్న చోట అక్రోటు పలుకు దూర్చి పాకం పడితే, ఆ ఒక్క చెంచాతోనే ఇల్లాలి పనితనం ఏపాటిదో వచ్చిన చుట్టానికి తెలిసిపోతుంది.

ఆ తొమ్మిదీ ఆమె పుట్టింటి చెట్టు పిలకలు. పుట్టిల్లు ఇప్పుడు లేదు. పదిహేనేళ్ళ కిందట ప్రభుత్వం డ్యామ్ కట్టినప్పుడు ఆ లోయ మొత్తం నీళ్ళలో కలిసిపోయింది. ఊళ్ళోవాళ్ళు తలుపులు ఊడదీసుకున్నారు, సమాధుల్లోంచి పెద్దల ఎముకలు తీసుకున్నారు, చర్చి గంట దింపుకున్నారు. స్తమేనా మాత్రం పారతో వెళ్ళి అమ్మ నాటిన చెట్టు చుట్టూ పది పిలకలు తవ్వింది. మట్టి కారుతోందని బస్సు వాడు ఎక్కించుకోకపోతే తడి గోనెసంచి వీపున వేసుకుని పద్దెనిమిది కిలోమీటర్లు నడిచింది. పదో పిలకను పై ఊళ్ళో ఉండే కుమ కొసారాకు ఇచ్చింది. కుమ అంటే పెళ్ళిలో పక్కన నిలబడి సాక్ష్యం చెప్పిన మనిషి, తోబుట్టువు కన్నా ఎక్కువ.

ఇంత అపురూపంగా తెచ్చుకున్న చెట్టుకు చేటు కూడా ఆమె చేతులారా తెచ్చిందే. నాలుగేళ్ళ కిందట చర్చి జాతరలో సహకార సంఘం ప్రెసిడెంటు పెళ్ళాం కొత్త రకం పండ్లు బుట్టలో పెట్టుకొచ్చింది. ఒక్కొక్కటీ కోడిగుడ్డంత. జనమంతా అటే మూగారు. స్తమేనా బుట్ట వంక చూసినవాడు లేడు. ఆ ఉక్రోషం మనసులో పెట్టుకుని, వసంతం రాగానే ఆ చెట్టు నుంచి ఓ అంటుపుల్ల అడిగి తెచ్చుకుంది. తండ్రి వాడిన కత్తితో చీల్చి, తొమ్మిదింటిలోకీ ఏపైన చెట్టుకు అంటు కట్టింది. ఒక్క కొమ్మే కదా అనుకుంది. ఆ కొమ్మ చూస్తుండగానే ఏపుగా సాగింది. రెండో ఏడు జాతరలో జనం ఆమె బుట్ట చుట్టూ కూడా మూగారు. ఆ పూట ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు.

పంది చేసిన ప్రచారం వల్లనో ఏమో, ఆ వారంలోనే సహకార సంఘం వ్యవసాయాధికారి ప్రవోస్లావ్ పెరట్లోకి వచ్చాడు. ఆకులు వెలుగుకు పట్టి చూశాడు. పచ్చటి ఆకు మీద పాలిపోయిన ఉంగరాల్లా మచ్చలు.

"పిన్నీ, ఇది మచ్చ తెగులు. మందు లేదు. ఈ తొమ్మిదీ ఆకు రాలేలోగా కొట్టించెయ్యాలి, మొద్దులతో సహా."

"ఆ కొత్త కొమ్మ చూడు నాయనా, ఎంత ఆరోగ్యంగా ఉందో. చెట్టులో సత్తువ లేకపోతే అదెలా కాస్తుంది?"

ప్రవోస్లావ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "తెగులు తెచ్చింది అదే పిన్నీ. ఆ రకం తెగులును కడుపులో పెట్టుకుని పైకి చక్కగా కనిపిస్తుంది. పోజెగాచా ఓర్చుకోలేదు. ఒకదాన్నుంచి మిగతావాటికి పేనుబంక మోసుకెళ్ళింది."

"కొమ్మ కోసేస్తే?"

"రసం కలిసిపోయింది. వేళ్ళ దాకా దిగి ఉంటుంది. పిలకలు కూడా పనికిరావు."

స్తమేనా కట్టెల మోపు మీద కూలబడింది. అమ్మను రెండోసారి నీళ్ళలో ముంచేశాననిపించింది. ఈసారి ముంచింది ఏ ప్రభుత్వమూ కాదు.

మూడు రోజులు ఆమెకు అన్నం సహించలేదు. నాలుగో రోజు ఉన్నట్టుండి పదో పిలక గుర్తొచ్చింది. అది కొసారా పెరట్లో చెట్టై ఉంటుంది. కానీ కొసారాతో ఏడేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళింటి పండగకు వెళ్ళినప్పుడు, నలుగురి ముందూ చెంచా నోట్లో పెట్టుకుని, "పాకం పట్టావా, బురద కలిపావా?" అని నోరు జారింది స్తమేనా. కొసారా చెంచా లాక్కుంది. కుమతో తగువు పెట్టుకోవడం పాపమని ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరికీ పంతమే.

"ఏ ముఖం పెట్టుకుని వెళ్తావ్?" అన్నాడు వితోమిర్.

"ఉన్న ముఖమే పెట్టుకుని వెళ్తాను."

పొద్దున బయలుదేరి కొండెక్కింది. కంచె అవతల చెట్టు కనపడింది. నిండా కాపు. కింద ఒక్క కాయా రాలి లేదు. కొసారా చేటలో బీన్స్ వలుస్తూ తలెత్తింది.

"బురద తినడానికొచ్చావా?"

"పిలక అడగడానికొచ్చాను కుమా. నావన్నీ పోయాయి. అమ్మ చెట్టు ఇదొక్కటే మిగిలింది."

కొసారా చేట పక్కన పెట్టింది. ఏడేళ్ళ కోపం ఆ ముఖంలోంచి ఎటు పోయిందో తెలియలేదు. "ఆకు రాలాకే తవ్వాలి. కానీ నిన్ను నమ్మలేను, మళ్ళీ ఏడేళ్ళు రావు. మట్టితో సహా ఇప్పుడే తీసిస్తా," అంటూ పార అందుకుంది. రెండు పోట్లు పొడిచి, సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. "నేనూ ఒకటి చెప్పుకోవాలి. రెండేళ్ళ కిందట వసంతంలో నువ్వు సంతకెళ్ళినప్పుడు మీ కంచె దూకి, కొత్త రకం కొమ్మ నుంచి పుల్ల విరుచుకొచ్చాను. ఆ దక్షిణం వైపు కొమ్మ అదే. ఎంత బాగా అంటుకుందో చూడు."

స్తమేనా చూసింది. కొత్త కొమ్మ నున్నగా, దర్జాగా ఉంది. దాని పక్కన పాత కొమ్మ మీద నాలుగైదు కాయలకు చిన్న చిన్న గుంటలు.

"అవా? ఎండ దెబ్బ," అంది కొసారా.

పార మూడోసారి లేచింది.

"తవ్వకు కుమా."

"దొంగతనం చేశానని కోపమా? అడిగితే ఇవ్వవని..."

"అడిగుంటే ఇచ్చేదాన్నే. నేనే కొండెక్కి వచ్చి, నా చేత్తో కట్టి వెళ్ళేదాన్ని."

తవ్విన గుంట పక్కనే కూర్చుని స్తమేనా అంతా చెప్పింది, జాతర బుట్ట దగ్గర నుంచి ప్రవోస్లావ్ మాట దాకా. చెబుతూ చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. కొసారా ఆ గుంటల కాయలను ఒక్కొక్కటే తడిమి చూసింది. తర్వాత పార చెట్టుకు ఆనించి, ఇంట్లోకి వెళ్ళి పాకం జాడీ, ఒక చెంచా పట్టుకొచ్చింది.

"పోయినేటిది. మంచి కాయలప్పటిది. తిను."

చుట్టానికి ఒక్క చెంచా పెట్టడం ఆనవాయితీ. స్తమేనా నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేదు.

"అచ్చం అమ్మ పట్టినట్టే ఉంది," అంది.

కొసారా పక్కన చతికిలబడి చెంచా అందుకుంది. ఆ చెట్టు కిందే, ఒకే చెంచాతో, జాడీ అడుగు కనపడేదాకా ఇద్దరూ తిన్నారు.