ముంత అడుగున పెండ్లి పువ్వు

కోడుమూరు కుమ్మరి మద్దమ్మ కోపం గురించి చెప్పాలంటే ముందు ఆమె మనవరాలు ఈరమ్మ వాంతుల గురించి చెప్పాలి. అది యాభై ఆరో సంవత్సరం, పుష్యమాసం. బడి ముందర ఒకాయన సీసాల్లో ఎర్రనీళ్లు అమ్మేవాడు. ఏ గుంత నీళ్లో, ఏం రంగో, సాకరిన్ తీపి. ఎండకు ఎత్తి పట్టుకుంటే మాత్రం కెంపులా మెరిసేవి. పక్కనే మద్దమ్మ మజ్జిగ కలిపిన కొర్ర అంబలి నల్ల ముంతల్లో పోసి కూర్చునేది. ఈరమ్మ సైతం అవ్వను దాటుకొని సీసా దగ్గరికే పోయింది.

వాంతి ఎర్రగా పడేసరికి ఇంట్లో అందరూ నెత్తురనుకొని ఏడ్చారు. రంగని తెలిశాక మద్దమ్మ ఏడవలేదు. నేరుగా పోయి అతన్ని నిలదీసింది. అతను నవ్వాడు.

"నీ ముంత నల్లగుండాది, నా సీసా ఎర్రగుండాది. పిల్లోల్ల కండ్లు యాడికి పోతాయో నన్నడిగితే ఎట్లవ్వా?"

చాలా ఏండ్లకు ఈ కథ నాకు చెబుతూ, ఆ మాట తనను కాల్చిందని మద్దమ్మ రెండుసార్లు చెప్పింది. అందులో నిజముందని ఒక్కసారే చెప్పింది.

ఆ ఊళ్లో పెండ్లికి పెట్టే ఐరేని కుండల మీద పూలూ చిలకలూ గీసే హక్కు ఆమె ఇంటిదే. అందుకే కల్లాల కాలంలో ప్రతి రైతూ ఆమెకు గింజలు కొలిచేవాడు. ఆ చేత్తోనే ఇప్పుడు ముంతల మీద గీసింది. పిల్లలు ముట్టుకొని చూశారు, మళ్లీ సీసా దగ్గరికే పోయారు. వారం దినాలు ఆలోచించి, పచ్చి ముంత లోపల, అడుగున, ఎర్రమట్టితో గీసి కాల్చింది. ఒకదాంట్లో చిలుక, ఒకదాంట్లో చేప, ఒకదాంట్లో పెండ్లి పువ్వు. అంబలి పోస్తే ఏదీ కనపడదు. తనకేం వచ్చిందో తెలియాలంటే చివరిదాకా తాగాల్సిందే.

తాగారు. ముంతలు పారేయకుండా ఇండ్లకు పట్టుకుపోయి, మర్నాడు ఎవరిది వాళ్లు తెచ్చుకున్నారు. మాలగేరి పిల్లలూ తెచ్చుకున్నారు. చిక్కు అక్కడొచ్చింది. పెద్దరైతు సుంకప్ప, కూతురి పెండ్లి పది దినాల్లో పెట్టుకొని, మాలగేరి గడపలో పెట్టిన ముంత అడుగున ఆ పువ్వును చూశాడు. మద్దమ్మ వాకిట్లోకే వచ్చాడు.

"పెండ్లి పువ్వును కనపడినోల్ల నోటికల్లా అందిస్తాండావు. అవన్నీ తెప్పించి తుడిచెయ్. లేదంటే ఈ ఊర్లో ఏ పెండ్లికీ నీ కుండ రాదు."

కాల్చిన గీత తుడిస్తే పోదని సుంకప్పకు తెలియదు. మద్దమ్మ ఆ సంగతి చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు.

"నా మనవరాలు రెండు దినాలు కక్కితే తుడిసేకి ఒక్కరూ రాలేదే. ఇప్పుడు పువ్వు తుడవమని వచ్చినావా, సుంకప్పా? తుడవను పో."

అతను అన్నంతా చేశాడు. కుండలు ఓర్వకల్లు నుంచి బండి మీద వచ్చాయి. ఆ ఏడు ఏ కల్లంలోనూ ఆమె చాటలో గింజ పడలేదు. ఆ మాట వచ్చినప్పుడు, పోనీలే అవ్వా అన్నాను. ఏం పోనీ, పోగొట్టుకున్నది నువ్వా అని నా మీద లేచింది.

మాఘంలో సుంకప్ప ఇంటి పెండ్లి మేళం బడి ముందరనుంచే పోయింది. ముంతలు పట్టుకున్న పిల్లలు చూసేందుకు లేవబోయారు. మద్దమ్మ తల తిప్పలేదు.

"కూచోండి. అడుగు కనపడేదాంకా తాగి లేయండి."