మేస్త్రీ చెప్పిన బండి

మా పక్కింటి డిపో మేస్త్రీ పోయారని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను కుప్పంలో, మా ఆవిడ పనిచేసే ఆసుపత్రి బయట ఉన్నాను. గుండెపోటట. ఆ పిల్ల ఏడుస్తూ చెబుతుంటే నేను "నిజమేనా?" అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎవరేం చెప్పినా ముందు ఆ మాట అడగడం ఆయన దగ్గర అంటుకున్న జబ్బే.

పుంగనూరులో మా వీధివాళ్లు ఆయన్ని అడగకుండా కారు కొనేవాళ్లు కాదు. బస్సు డిపోలో బస్సుల కింద పడుకుని సర్వీసంతా గడిపి రిటైరైన మనిషి. నమ్మకం అనేది ఆయన ఒంట్లోనే లేదు. టమాటా బుట్ట కొంటే పై వరస తీసి అడుగు చూసేవారు. ఇక షోరూములంటే చెప్పనే అక్కర్లేదు. "బ్రోచరు చెప్పేది పెండ్లిచూపుల మాటప్పా. కాపురం మాట కావాలంటే బాడుగ కార్ల డ్రైవర్లను అడుగు" అనేవారు. ఆయన అడిగేవారు కూడా. మదనపల్లెకు పోయినప్పుడల్లా టాక్సీ స్టాండులో కూర్చుని, ఏ బండికి మూడో ఏడు ఏం పోయిందో తెలుసుకుని వచ్చేవారు.

నాకూ కారు అవసరం పడింది. మా ఆవిడ కుప్పంలో నర్సు. వారం వారం ఇద్దరు పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని గ్రానైట్ లారీల మధ్య పోయి రావాలి. పైన అద్దం, లోపల పెద్ద స్క్రీను ఉన్న కొత్త మోడల్ మీద నా మనసు పడింది. మేస్త్రీ తల అడ్డంగా ఊపారు.

"అది వచ్చి ఆర్నెల్లు కూడా కాలే. దాని రోగాలు బయటపడనీ. మొదటి ఏడు కొనేవాళ్లు వేరే ఉంటారులే" అన్నారు.

ఆయన చెప్పిన బండి వేరు. పాత మోడల్, చూడ్డానికి బీరువాలా ఉంటుంది. నాకు నచ్చలేదు. పైగా టీ అంగడిలో ఒకాయన నా చెవిలో ఒక మాట వేశాడు. "ఊరికే చెప్తాడాన్నా? ఆయన అల్లుడు మదనపల్లెలో కార్ల షోరూములో ఉండాడు గదా!" ఇక ఆ పూట నుంచి నా బుర్రలో పురుగు తొలవడం మొదలైంది.

మరుసటి రోజు మేస్త్రీ నన్ను పోలీసు స్టేషన్ వెనక్కి తీసుకుపోయారు. ప్రమాదాల్లో దెబ్బతిన్న బండ్లన్నీ అక్కడే నిలబెడతారు. ఆయన చెప్పిన మోడల్ ఒకటి ముందు భాగం నుజ్జయి ఉంది.

"వెనక తలుపు లాగు" అన్నారు.

లాగితే మామూలుగా తెరుచుకుంది. "లోపలున్నోళ్లు దిగి నడిసిపోయినారంట. మన పిల్లోళ్లు కూర్చునేది ఈడే గదా. ఇది సూడాల మనం." ఇంత చూశాక కూడా, ముందే చూసిపెట్టుకున్న బండి దగ్గరికి తెచ్చాడేమో అనుకున్నాను నేను.

ఆయనకు చెప్పకుండా మదనపల్లె పోయాను. ఆయన మెచ్చిన బండి అమ్మే షోరూములో అల్లుడు లేడు. నేను మెచ్చిన బండి అమ్మే షోరూముకు పోతే, నీళ్ల సీసా, బ్రోచరు పట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చాడు! మామ చెడగొడుతున్నది అల్లుడి బేరమే. అంతటితో అనుమానం చావాలి కదా? చావలేదు. మామా అల్లుళ్లకు పడదేమో, ఆ కసి కొద్దీ చెప్పాడేమో అనుకుంటూ ఇంటికొచ్చాను. చివరికి ఎటూ తేల్చుకోలేక, లాగితే తెరుచుకున్న ఆ వెనక తలుపు గుర్తొచ్చి బీరువానే కొన్నాను.

కారు ఇంటికొచ్చిన రోజు మేస్త్రీ పూజకు నిలబడలేదు. చక్కా వెనక సీట్లో దూరి, కొత్త సీటు కవర్ల కింద చెయ్యి పెట్టి వెతికారు. మా ఆవిడ ముచ్చటపడి వేయించిన మందపాటి కవర్ల కింద బెల్టు బిగించే క్లిప్పులు కూరుకుపోయి ఉన్నాయి. "బ్లేడు తేమ్మా" అన్నారు. మా ఆవిడ ముఖం మాడ్చుకుని తెచ్చింది. కొత్త కవరు రెండు చోట్ల కోసి, క్లిప్పులు బయటికి లాగి, పిల్లలిద్దరికీ బెల్టులు పెట్టాకే హారతి ఇవ్వనిచ్చారు.

ఇన్నేళ్లలో ఆయనకు ఒక్క మాట చెప్పలేకపోయాను. మిమ్మల్ని అనుమానించాను, తప్పయిపోయింది అని. ఆ బాధ నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

మేస్త్రీ పోయిన మూడో రోజు పాలు పోసి వచ్చాక, ఆయన అల్లుణ్ణి కారు దాకా సాగనంపాను. చూద్దును కదా, అతని కారూ బీరువానే. నా చూపు కనిపెట్టి అతను నవ్వాడు.

"ఆ పొద్దు మీరు షోరూముకొచ్చింది మామకు చెప్పినానన్నా."

నేను ఆత్రంగా అడిగాను: "ఏమన్నారు?"

"'మంచి పని చేసినాడు, నన్ను కూడా నమ్మకుండా పోయి సూసుకున్నాడు, ఇంక ఆ పిల్లోళ్లకు భయంలేదు' అన్నాడు మామ."

నేను కళ్లు తుడుచుకునేసరికి అతను కూతుర్ని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెడుతున్నాడు. నాలుగేళ్లుంటాయి ఆ పిల్లకు. క్లిప్పు పడిందో లేదో రెండుసార్లు లాగి చూసి, "సరిగ్గా ఉండాది తల్లీ" అని తలుపు వేశాడు. తండ్రి అటు తిరగ్గానే, ఆ పిల్ల బెల్టును రెండు చేతులా పట్టుకుని తనూ ఒకసారి గట్టిగా గుంజి చూసుకుంది.